గుర్రం ఎక్కని తాత

మా తాత యుద్ధంలో ఎవరినీ చంపలేదు. ఈ మాట నమ్మడానికి జహీరాబాద్‌లో ఎవరూ సిద్ధంగా లేరు. మా ఇంట్లో అయితే అసలే లేరు. నమ్మకపోతే పోయారు, ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. అందుకే ఇన్నేళ్లయినా ఈ సంగతి తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది.

మా సొంతూరు ఝరాసంగం దగ్గర. నల్లరేగడి నేల, జొన్న, శనగ. వాన పడితే తిండి, పడకపోతే వలస. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో వానలు ఎగ్గొట్టాయి. తాత ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పోయి ఇంగ్లీషువాళ్ల ఫౌజులో చేరాడు. పశువుల దగ్గర మెలిగిన చేయి అని ఆయనను ఖచ్చర్లు తోలే పనిలో పెట్టారు. ఖచ్చర్ అంటే గాడిదకూ గుర్రానికీ పుట్టిన జంతువు, పుస్తకాల్లో కంచరగాడిద అని రాస్తారు. బర్మా అడవుల్లో మోటార్లు పోలేని చోటికి తూటాల పెట్టెలు, బియ్యం బస్తాలు అవే మోసేవి. వాటి పక్కన తాడు పట్టుకుని మా తాతలాంటి వాళ్లు నడిచేవారు. యుద్ధం అయిపోయాక తాతతో పాటు ఒక ఖాకీ కోటు, రెండు కంచు చుక్కలు, ఒక వెండి పతకం ఇంటికి వచ్చాయి. చుక్కలు లడాయికి పోయిన వాళ్లందరికీ ఇచ్చినవి. వెండిది మాత్రం ధైర్యానికి ఇచ్చింది. దాన్ని తాత తమ్గా అనేవాడు కాబట్టి నేనూ తమ్గా అనే అంటాను.

తమ్గాకు ఒక పక్క ఇంగ్లండు రాజు తలకాయ ఉండేది. అంచు చుట్టూ సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో తాత నంబరూ పేరూ చెక్కి ఉండేవి. నాకు ఇంగ్లీషు అక్షరాలు పట్టుబడిన ఏడు తాత దాన్ని నా అరచేతిలో పెట్టి చదవమన్నాడు. అంచును తిప్పుకుంటూ, కూడబలుక్కుంటూ చదివాను. మళ్లీ చదవమన్నాడు. "గింత జరంత జాగల నా పేరు ఎట్ల పట్టింది బిడ్డా" అని నవ్వాడు. అక్కడ తన పేరు ఉన్న సంగతి ఆయనకు తెలియక కాదు, ఇంటి మనిషి నోట వినాలని ఆయన కోరిక. ఆ తర్వాత ఎప్పుడు మనసు బాగా లేకపోయినా దాన్ని బయటికి తీసి నాతో చదివించుకునేవాడు.

మా నాన్నను బాపు అనేదాన్ని. బాపు మమ్మల్నందరినీ జహీరాబాద్‌కు తెచ్చి, బొంబాయి రోడ్డు మీద అల్లం, బెల్లం కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం పెట్టాడు. అడ్తి వ్యాపారమంటే సగం తూకం, సగం నోరు. కోహీర్ దిక్కు నుంచి అల్లం బస్తాలు తెచ్చిన రైతును చాయ్ వచ్చేదాకా కూర్చోబెట్టాలి. పక్క దుకాణం వైపు చూడనివ్వకూడదు. అందుకు బాపు దగ్గర ఉన్న మంచి సరుకు మా తాత. మా నాయన బర్మాలో జపానోళ్లను కత్తితో నరికాడని మొదలుపెట్టేవాడు. మొదట్లో వాళ్లు నలుగురైదుగురే. అల్లం ధర పెరిగినట్టే వాళ్లూ పెరుగుతూ పోయారు. నేను బడికి పోయే రోజులకు మా తాత నరికిన తలలు పెద్ద బండిలో కూడా పట్టనన్ని అయ్యాయి. నోరుంటే ఊరు గెలవొచ్చంటారు, బాపు బజారును బాగానే గెలిచాడు.

తాతకు ఇదంతా తెలుసు. దుకాణానికి వచ్చినప్పుడు ఎవరైనా అడిగితే, లేదు పటేలా, నేను ఖచ్చర్లను తోలినవాణ్ణి అని నిదానంగా చెప్పేవాడు. పెద్దమనిషి కదా, గొప్ప చెప్పుకోడు అనుకుని వాళ్లు బాపు మాటనే నమ్మేవాళ్లు. బాపు వాళ్ల వెనక నిలబడి తాతకు కళ్లతో సైగ చేసేవాడు. తాత ఆ సైగను పట్టించుకున్నది లేదు.

బంగ్లాదేశ్ యుద్ధం గెలిచిన చలికాలం వచ్చింది. ఒక్కసారిగా ఊరికి సిపాయిల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. రేడియో ఉన్న ప్రతి హోటలు ముందు గుంపులే. అంతకు ముందు పంద్రాగస్టుకు తాత ఖాకీ కోటు తొడుక్కుని, తమ్గా పెట్టుకుని పోతే బడి గేటు దగ్గరే నిలబెట్టేవారు. తెల్లోని నౌకరీ చేసినోనికి జెండా దగ్గర ఏం పని అని ఆయనకు వినబడేటట్టే అనేవారు. అదే ఊరు ఆ జనవరిలో మా ఇంటికి మనిషిని పంపి, గణతంత్ర దినానికి తాతను వేదిక మీద కూర్చోబెడతామంది. బాపు సంతోషానికి పట్టపగ్గాల్లేవు. కోటును తానే ఇస్త్రీ చేయించాడు. తమ్గాను చింతపండుతో తోమించాడు. ముందు రోజు సాయంత్రం తాతను కూర్చోబెట్టి ఏం చెప్పాలో చెప్పాడు కూడా. తాత అంతా విని, సరేనని గాని కాదని గాని అనకుండా లేచిపోయాడు.

బడి మైదానంలో జెండా ఎగిరింది. తాత మెడలో బంతిపూల దండ వేశారు. కుర్చీ వేశారు, చేతులున్న కుర్చీ. మా క్లాసు వాళ్లం ముందు వరసలో నేల మీద కూర్చున్నాం. మా తాత, మా తాత అని పక్కవాళ్లను మోచేత్తో పొడిచాను. పిల్లల వెనక బెంచీల మీద బజారు వ్యాపారులు, వాళ్ల మధ్యన తెల్ల బట్టల్లో బాపు. హెడ్మాస్టరు తాతను మైకు దగ్గరికి తెచ్చి, ఎంతమంది శత్రువులను హతమార్చారో ఈ బాలలకు చెప్పాలని కోరాడు.

తాత మైకును ఒకసారి వేలితో తట్టాడు. తర్వాత ఇంట్లో నాతో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"నేను ఎవ్వర్ని సంపలే. ఖచ్చర్లను తోలిన. దుష్మన్‌కు అరుపు ఇనబడొద్దని వాటి గొంతుల నరం కోసిన్రు. నోరు తెరుస్తయి గని సప్పుడు రాదు. ఒకనాడు మేము ఏరు దాటి ఎన్కకు వచ్చినం. నా ఖచ్చర్ అవుతలనే ఉండిపోయింది. దాన్ని తెచ్చుకుందామని పోయిన. పోతే ఆడ దెబ్బలు తాకినోళ్లు పడి ఉన్నరు. నీళ్లు, నీళ్లు అంటున్నరు. ఇడిసిపెట్టి ఎట్లొస్త? దాని మీద ఏసుకొని వచ్చిన. మళ్ల పోయిన. పైనుంచి తూటాలు వస్తనే ఉన్నయి. ఉన్నోళ్లందర్ని తెచ్చిన. గంతే."

అప్పుడు బెంచీల మీద నుంచి ఒక బెల్లం వ్యాపారి, బాపుతో రోజూ చాయ్ తాగే మనిషి, గొంతెత్తి అడిగాడు. "అయితె తాతా, ఖచ్చర్ కోసం పోయినవా?"

"అవ్, దాని కోసమే పోయిన" అన్నాడు తాత.

నవ్వు ముందు ఆ బెంచీ మీద మొదలైంది. తర్వాత పిల్లలకు పాకింది, పిల్లలకు నవ్వడానికి కారణమే అక్కర్లేదు కదా. జనం మంచి మనసుతో నవ్వుతున్నారనుకుని తాత కూడా నవ్వాడు. నా జన్మలో నాకు మరిచిపోవాలని ఉన్నది ఏదైనా ఉందంటే అది ఆ నవ్వు. దండ మెడలో వేసుకుని, చుట్టూ చూసుకుంటూ, ఆయన ఎంత సంతోషంగా నవ్వాడో.

సాయంత్రం ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు, ఆ ఖచ్చర్ ఏమైందని అడిగాను. చివరిసారి ఏరు దాటుతుంటే దాని కడుపులో తూటా దిగిందట. తాత దాని తల పక్కనే నడుస్తున్నాడు. అది నోరు తెరిచింది, శబ్దం లేదు. దూపై, నీళ్ల కోసం నోరు తెరిచిందనుకుని తాత ఇంకా ముందుకు లాగాడు. మీద ఉన్న మనిషిని గట్టున దింపిన తర్వాత గాని నెత్తురు చూడలేదు. "అరిసి ఉంటే జర ముందుగాల చూస్తుంటి బిడ్డా" అన్నాడు. తమ్గా ఇస్తున్న రోజు, ఇది దానికి రావలసింది కదా అనుకున్నాడట.

మర్నాటి నుంచి మా తాత పేరు ఖచ్చర్ తాత. ఆయన అదీ పట్టించుకోలేదు. బాపుకు మాత్రం తగలరాని చోట తగిలింది. గాడిదలను కాయడం మా దిక్కు పటేండ్లు చేసే పని కాదు. భూమి ఉన్న ఇంటి మనిషి గాడిద జాతి జంతువు తాడు పట్టుకుని నడిచాడంటే, బజారులో అంతకు మించిన తమాషా ఏముంటుంది? తూకం దగ్గర మాట తేడా వస్తే చాలు, ఖచ్చరోని కొడుకు అనేవారు. అన్నేళ్లు అల్లిన కథ అంతా ఒక్క పొద్దున కూలిపోయింది. కూల్చింది సొంత తండ్రి. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా, బాపు ఆ రోజు నుంచి తాతతో మాట్లాడడం మానేశాడు.

మానేశాడంటే ఏదో కొన్నాళ్లు అలగడం కాదు, ఏళ్లకేళ్లు. ఒకే ఇంట్లో, ఒకే గడప దాటుతూ. తాత పీట వేసుకుని కూర్చుంటే బాపు లేచిపోయేవాడు. తాత రొట్టె, పప్పు నా చేత అరుగు మీదికి పంపించేవారు. మా అమ్మ నోరు విప్పదు. నాయనమ్మ ఒకసారి విప్పింది గాని, నువ్వూ ఆయన దిక్కే పో అనిపించుకుంది. తాత అరుగు మీద తింటూ, మీ బాపు తిన్నడా అని అడిగేవాడు. నాకు ఒళ్లు మండి, ఆయన తింటే నీకేంది, తినకపోతే నీకేంది అనేదాన్ని. గట్ల అనొద్దు బిడ్డా, బజార్ల బతికేటోడు, ఆనికి కష్టమైతది అని బాపునే వెనకేసుకొచ్చేవాడు.

పంద్రాగస్టుకు మాత్రం కోటు, తమ్గా మానలేదు. మళ్లీ ఆ గేటు దగ్గరే. ఇప్పుడు గేటు దగ్గర రెండు రకాల మాటలు పడేవి, తెల్లోని నౌకరు అనేవాళ్లవి ఒకటి, ఖచ్చర్ తాత అనేవాళ్లవి ఇంకొకటి. కుర్చీ అయితే మళ్లీ ఎవరూ వేయలేదు.

ఊరికి చిన్న లారీల ఫ్యాక్టరీ వస్తుందని అందరూ మాట్లాడుకుంటున్న రోజుల్లో తాత మంచం పట్టాడు. నేను హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. చూడడానికి వచ్చాను. దవాఖానలో చేసేది ఏమీ లేదని ఇంటికి పంపించేశారు. తాత తమ్గాను నాకు ఇవ్వమన్నాడు. ఆడపిల్ల చేతిలో పెడితే రేపు అత్తగారింటికి పోతుంది, ఇంటి వెండి బయటికి పోనివ్వనని బాపు గోడ వైపు చూస్తూ చెప్పాడు. తాత ఆ మాట మీద వాదించలేదు. బాపును దగ్గరికి రమ్మని పిలిచాడు. అన్నేళ్ల తర్వాత బాపు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"కొడకా, నేను పోయినంక నా గురించి అబద్ధం చెప్పకు" అన్నాడు తాత. "నిజం చెప్పకున్నా మంచిదే. అబద్ధం మాత్రం చెప్పకు."

బాపు ఆయన చేయి పట్టుకుని, చెప్పను నాయినా, అన్నాడు. ఏడ్చాడు కూడా. నేను చూశాను, దొంగ ఏడుపు కాదు. తాత ఇంకేమీ అడగలేదు, బతుకంతా బాపును తన కోసమని అడిగింది కూడా అదొక్కటే. నేను హాస్టల్‌కు తిరిగి వెళ్లిన కొద్ది రోజులకే పోయాడు.

మా దిక్కు ఒక ఆనవాయితీ ఉంది. మా నాయనమ్మ వాళ్ల బీదర్ వైపు మరీ ఎక్కువ. ఇంట్లో పెద్దమనిషి పోతే ఆయన పేరున వెండి రేకు మీద బొమ్మ కొట్టించి దేవుడి అర్రలో, అంటే దేవుడి గదిలో, పెట్టుకుంటారు. దాన్ని బిళ్ళ అంటారు. ఔసలాయన, అంటే వెండి బంగారం పనిచేసేవాడు, రేకును అచ్చు మీద పెట్టి సుత్తెతో కొడితే బొమ్మ లేస్తుంది. పెత్రమాస నాడు, బతుకమ్మకు ముందు వచ్చే అమావాస్య నాడు, ఆ బిళ్ళను పాలతో కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ముందు విస్తరి వేసి వడ్డిస్తారు. పోయినవాళ్లు వచ్చి తింటారని నమ్మకం. నాకూ ఆ నమ్మకం ఉంది, లేదని అబద్ధమెందుకు చెప్పాలి?

తాత పోయాక వచ్చిన మొదటి పెత్రమాసకు నేను ఇంటికి వచ్చాను. ఇల్లంతా గారెల వాసన. వాకిట్లోకి అడుగు పెట్టగానే దూడ మెడలో ఏదో మెరిసింది. చూస్తే తాత కంచు చుక్క! అమ్మ నల్లదారానికి గుచ్చి కట్టింది. పడి ఉంటే కట్టిన అంది. కోపం రాబోయి నవ్వొచ్చింది, తాత చూస్తే ఆయనా నవ్వేవాడు. మూగజీవం మెడలో తన తమ్గాల్లో ఒకటి ఉందని ఎంత సంబరపడేవాడో. మరి ఇది పడి ఉంటే వెండిదేదీ అని అడిగాను. అమ్మ దేవుడి అర్ర వైపు చూసింది.

అర్రలో, ముత్తాత ముత్తవ్వల బిళ్ళల పక్కన కొత్త బిళ్ళ తళతళలాడుతోంది. గుర్రం మీద మనిషి. మెలితిప్పిన మీసం, తలపాగా, పైకెత్తిన చేతిలో కత్తి.

మగవాళ్లకు ఔసలాయన దగ్గర ఉన్నది ఆ ఒక్క అచ్చే. మా వాడలో బీదలు, పటేండ్లు అని లేకుండా పోయిన ప్రతి మగవాడూ ఆ గుర్రమే ఎక్కాడు. పక్కింటి ముసలాయన పుట్టిన దగ్గర నుంచి పొగాకు అమ్మాడు, ఆయన చేతిలోనూ కత్తే. బావిలో జారిపడి పోయిన మా ముత్తాత చేతిలోనూ కత్తే. అచ్చు మీద నాకు పంతం లేదు. నేను అడిగింది తమ్గా ఎక్కడుందని.

"గదే గిది" అన్నాడు బాపు.

ఆయన గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. బయట వెండి కొనలేదట. తాత వెండితో తాత బిళ్ళనే చేయించాలని మూడు తమ్గాలూ పట్టుకుపోయాడట. ఔసలాయన గీటురాయి మీద గీసి చూసి, కంచువి రెండూ పక్కకు పడేసి, వెండిదాన్ని కరిగించాడట. రాజు తలకాయ కరిగింది. అంచు మీది నంబరు కరిగింది. తాత నాతో చదివించుకున్న పేరు కరిగింది. ఆ వెండిని రేకుగా సాగదీసి, కత్తి పట్టించి, గుర్రమెక్కించారు.

"మాట ఇచ్చినవు గద బాపు, అబద్ధం చెప్పనని" అన్నాను.

"నేనేం చెప్పిన? నోరు తెరిచిన్నా?" అన్నాడు బాపు. "ఆయన వెండి ఆయనకే ఏసిన. అచ్చు ఎవలకైనా గదే. ఆయన ఆనాడు ఒక్కమాట అబద్ధమాడి ఉంటే ఏం పోతుండె? ఇన్నేండ్లు నేను బజార్ల తలకాయ ఎత్తి నడుస్తుంటి."

నిజమే, నోరు తెరవలేదు. తెరవాల్సిన అవసరం లేకుండా చేసుకున్నాడు. తాత పట్టుకున్న కుందేటికి నాలుగు కాళ్లున్నాయి, అదే ఆయన తప్పు.

మధ్యాహ్నం బజారు వాళ్లు భోజనానికి వచ్చారు. ఆ రోజు బెంచీ మీద నుంచి గొంతెత్తి అడిగిన బెల్లం వ్యాపారి కూడా వచ్చాడు. చెప్పులు విడిచి, అర్రలోకి తొంగిచూసి, బిళ్ళకు రెండు చేతులూ జోడించాడు. మొనగాడు ముసలాయన, గిది చూస్తె తెలుస్తలేదా అని పక్కవాడితో అన్నాడు. బతికున్నంత కాలం నిజం చెప్పిన మనిషిని చూసి నవ్వినవాడు, వెండి రేకు మీది అబద్ధాన్ని ఇట్టే నమ్మాడు. బాపు అతనికి ఇంకో రెండు గారెలు వేయించాడు.

వచ్చినవాళ్లు తిని పోయాక నాయనమ్మ గోడ పట్టుకుని అర్రలోకి వచ్చింది. చూపు సరిగా ఆనదు కనుక బిళ్ళను చేతిలోకి తీసుకుని వేలితో తడిమింది. గుర్రం కాళ్లు, తోక, దాని మీద కూర్చున్న మనిషి. బొమ్మ మొత్తం తడిమి, మెల్లగా అంది.

"ఆయనకు గుర్రమంటే భయం బిడ్డా. మా పెండ్లి బారాత్‌కు గుర్రం తెస్తే ఎక్కనంటే ఎక్కనని నడుచుకుంటనే వచ్చిండు."

అని, బిళ్ళను మళ్లీ దాని చోట్లో పెట్టి దండం పెట్టింది. ఇంటి ఆనవాయితీ, పెట్టక ఏం చేస్తుంది? నన్నూ పెట్టమంది. నేను పెట్టలేదు, అప్పుడూ, ఆ తర్వాత ఏ పెత్రమాసకూ. పెద్దలంటే భయం భక్తి లేని పిల్ల అని పేరు తెచ్చుకున్నాను, ఉండనీ.

ఆ ఇంట్లోనే ఉంటున్న మా అన్న పిల్లలకు ఇప్పుడు ఆ బిళ్ళను చూపించి, కత్తి పట్టి శత్రువులను నరికిన తాత అని చెప్తారు. కాదని నేను చెప్తే, మరి గుర్రం మీద ఎందుకున్నాడు అత్తా అని అడుగుతారు. చూపించడానికి నా దగ్గర ఏముంది? ఏటేటా ఆ గుర్రం మీద కూర్చున్నవాడెవడో వచ్చి, గారెలు, పాయసం కడుపునిండా తినిపోతున్నాడు. మా తాతకు మాత్రం మా ఇంట్లో ఇంతవరకు ఒక్క పెత్రమాస కూడా పెట్టలేదు.